మాడు ముక్కలు ఏరుకున్న సారు

ముందుగా ప్రమాణం. మా అవ్వ సాక్షిగా, మూలన పడున్న నా పాత మోపెడ్ సాక్షిగా, తలమీద నాకింకా మిగిలిన జుట్టు సాక్షిగా చెబుతున్నాను: ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. ఇంత గట్టిగా ఒట్టు ఎందుకు పెట్టాల్సొచ్చిందంటే, మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా నన్నెరిగిన కిరాణా కొట్టువాళ్లెవరూ నా మాట నమ్మరు. అందులో వాళ్ల తప్పేం లేదు. ఏళ్ల తరబడి వాళ్లకు మీల్ మేకర్ అమ్మినవాణ్ణి నేను. ఎండు సోయా ముక్కను చూపించి మాంసమని నమ్మించాలంటే, కూరలో కంటే ముందు అమ్మేవాడి నోట్లో మసాలా ఉండాలి. జూలో పులికి మా ముక్కలు పెడితే గిన్నె నాకేసి ఎముక కోసం వెతికిందని షామీర్‌పేటలో చెప్పాను. ఒక కొట్టాయన రెండు పెట్టెలు దింపుకున్నాడు.

ఇక అసలు సంగతి. మొన్న మా ఇంటికి రంగులు వేయిద్దామనుకున్నాం. పెయింటరు షేడ్ కార్డు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ లేత పచ్చ దగ్గర ఆగింది. నా వేలు మాత్రం నా ప్రమేయం లేకుండా గోధుమరంగుల వరుసలోకి పోయి, లేతవి దాటి, ముదురువి మొదలయ్యే చోట నిలబడిపోయింది.

“గా రంగు ఏస్తె ఇల్లు మాడిపోయినట్టుంటది, తియ్యి ఏలు,” అంది మా ఆవిడ.

మాడిపోయినట్టు! ఆ ఒక్క మాటతో మా కెమిస్టు సారు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మెడ కొంచెం పక్కకు తిప్పి, వెనకనుంచి ఎవరో పిలుస్తున్నట్టు, అచ్చం ఎప్పటిలాగే.

పేరు రాయను. పేరు చెబితే జడుసుకునే మనిషి. పెళ్లి శుభలేఖ మీద తన పేరు చూసుకుని కూడా “ఏదైనా గొడవైతే ముందు నన్నే పట్టుకుంటారయ్యా” అనుకుని ఉంటాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మేడ్చల్‌లో అప్పుడప్పుడే వెలుస్తున్న కాలనీలో భార్యతో, కూతురు లలితతో అద్దెకుండేవాడు. మా ఫ్యాక్టరీకి ఆయనొక్కడే కెమిస్టు. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక మిషను, ఫ్యాను కింద సేఠ్, ప్యాకింగ్ బల్ల చుట్టూ సూరారం నుంచి వచ్చే ఆడవాళ్లు. నూనె తీసేసిన సోయాపిండిని తడిపి మిషన్లో పోస్తే, లోపల వేడికీ ఒత్తిడికీ ముద్దయి, చివరి చిల్లులోంచి బయటపడగానే ఉబ్బి స్పాంజిలా అవుతుంది. కత్తి దాన్ని ముక్కలు చేస్తుంది. ఆరబెడితే అదే మీల్ మేకర్.

సారు చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు. పెయింటు షాపువాళ్ల షేడ్ కార్డు ఉండేది. మిషన్లోంచి ముక్క రాగానే కార్డు పక్కన పెట్టి, వెలుతురు వైపు తిరిగి, ఒక కన్ను మూసి చూసేవాడు. “బిస్కట్ రంగు. పంపించండి,” అనేవాడు. లేదంటే “మట్టికుండ రంగు. ఆపండి, ఆపండి!” అని రెండు చేతులూ పైకెత్తేవాడు, ఎదురుగా బస్సు వస్తున్నట్టు. రంగు చూసే మిషను కొనమని సేఠ్‌ను అడిగాడట. సేఠ్ ఆయన్ను పెయింటు షాపుకు పంపించాడు.

పొద్దున మిషను వేడి అదుపులోకి వచ్చేలోపు వచ్చే ముక్కలు మాడిపోయి ఉంటాయి. వాటిని తలముక్కలు అనేవాళ్లం. లెక్క ప్రకారం అవి బర్రెల దాణాకు పోవాలి. బర్రెల దాకా ఎప్పుడూ పోలేదు. ప్యాకింగ్ ఆడవాళ్లు వాటిని పంచుకుని కొంగున కట్టుకుని పోయేవాళ్లు. అది వాళ్ల హక్కు. సేఠ్ కూడా నోరెత్తేవాడు కాదు.

ఆ ఆడవాళ్లకు పెద్ద మరియమ్మ. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే, షెడ్డులో సేఠ్‌తో కొట్లాట ఎత్తుకునేదీ ఆవిడే. మాడు ముక్కలు ఎందుకు తింటారని సారు ఒకసారి అడిగితే, ఆవిడ నోరు నొక్కుకుంది.

“మంచిగ జెప్పిండ్రు సారూ! తెల్ల ముక్క ఉడకబెడితె గడ్డి లెక్కుంటది. నల్లది కూరల పడ్డదంటె మటన్ లెక్క. మా ఇండ్లల్ల పోరగాండ్లు దీనికోసం కొట్టుకుంటరు.”

ఈ మాట ఫ్యాను కింద కూర్చున్న సేఠ్ చెవిన పడింది. తెల్లారి నుంచే కొత్త రకం మొదలైంది. పిండిలో కొంచెం బెల్లం నీళ్లు కలిపి, మిషను వేడి పెంచి, పైన ఇంకోసారి వేయిస్తే ముక్క ముక్కా తలముక్క రంగుకు, తలముక్క రుచికి వస్తుంది. ఎంత బెల్లం, ఎంత వేడి అన్నది తేల్చింది సారే. ప్యాకెట్ మీద వేపుడు రకం అని వేయించారు. నేనింక ఊరుకుంటానా! కార్తీకమాసంలో కాలనీలవాళ్లకు “నియమం తప్పకుండా, తప్పినంత రుచి” అన్నాను. ఈస్టరు ముందు మాంసం మానేసే శ్రమల దినాల్లో చర్చిల చుట్టూ తిరిగి అదే మాట కొంచెం తలవంచి చెప్పాను.

ఆ రకానికి మొట్టమొదటి అభిమాని లలిత. అప్పటికింకా చిన్నపిల్ల. ఉడకబెట్టనిచ్చేది కూడా కాదు, లెక్కలు చేసుకుంటూ మరమరాల్లా పొడిగానే నమిలేది. “మా పిల్ల పాస్ చేసిందయ్యా!” అని సారు నాతో చెప్పిన రోజు ఆయన మెడ తిన్నగా ఉండటం మొదటిసారి చూశాను. ప్రతి శనివారం తానే ఒక ప్యాకెట్ ఇంటికి తీసుకెళ్లేవాడు. పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేదాకా ఆ అలవాటు తప్పలేదు.

తరువాత మిర్చి బజ్జీ వచ్చి పడింది.

నమ్మరని తెలుసు, కానీ ప్రమాణం చేశాను కదా. ఫ్యాక్టరీ ముందు బండి దగ్గర మేమిద్దరం బజ్జీలు తిన్నాం. సారుకు చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలో ఓ చిన్న వార్త ఉంది. పరాయి దేశంలో ఎవరో పరీక్షలు చేశారట. ఆలుగడ్డల్లాంటి పిండి పదార్థాలను బాగా వేడి చేసి, గోధుమరంగు వచ్చేదాకా వేయిస్తే, కాలిస్తే, వాటిలో అంతకుముందు లేని రసాయనం ఒకటి పుడుతోందట. జంతువులకు మంచిది కాదని తెలుసట. “మనుషులకు ఎంతవరకు హాని అనేది...” అక్కడికి పేపరు చిరిగిపోయింది.

సారు బండివాడి దగ్గరకు పరుగెత్తాడు. “మిగతా సగం ఎక్కడయ్యా?”

“మిగిలిన సగంల ఇంకెవరికో కట్టిచ్చిన సారూ. ఇంకో ప్లేటియ్యాల్నా?”

ఆయన నూనె కాగితాలన్నీ తిరగేసి, చేతులు తుడుచుకోకుండా అలాగే తిరిగొచ్చాడు. కార్డుకు మొదటి నూనె మరక పడింది అప్పుడే.

“అండ్ల ఆలుగడ్డల గురించి రాసిండ్రు సారూ, సోయా ముచ్చటే లేదు,” అన్నాను ధైర్యం చెబుదామని.

“పిండి, తీపి, వేడి. మూడూ కలిస్తే రంగొస్తుంది. రంగుతోపాటు కమ్మదనం వస్తుంది. ఇంకేమొస్తుందో మనం ఎప్పుడైనా చూశామా? ఆలుగడ్డేదో సోయా ఏదో వేడికి తెలుస్తుందటయ్యా?” తర్వాత గొంతు తగ్గించాడు. “మా పిల్ల ఇన్నేళ్లుగా తింటోంది. నేనే తెచ్చి పెడుతున్నా.”

అదీ సంగతి. అప్పటినుంచి ఆయనకు ఈ లోకంలో మిగిలిన ప్రశ్న ఒకటే: నా పిల్లకు నేను పెట్టిందేమిటి?

సిటీలో ఒక ల్యాబుకు వెళ్లాం. వేపుడు రకం ప్యాకెట్ బల్లమీద పెట్టి సారు తన భయమంతా చెప్పుకున్నాడు. అవతలాయన ఓపికగానే విన్నాడు. “తేమ చూస్తామండీ. ప్రొటీను చూస్తాం. బూడిద, ఇసుక చూస్తాం. మీరడిగేది చూసే మిషను మా దగ్గర లేదు. అసలు ఎవరి దగ్గరుందో కూడా నాకు తెలీదు,” అన్నాడు. మళ్లీ వెళితే రిపోర్టు చేతికిచ్చి, పాపం, సారును సంతోషపెట్టాలనే అన్నాడు: “ఇసుక లేదండీ. బ్రహ్మాండంగా ఉంది.”

బస్సులో మేడ్చల్ దాకా సారు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. మధ్యమధ్యలో నావైపు తిరిగి “ఇసుక లేదటయ్యా,” అనేవాడు. అది ఆయన ఊతపదమైపోయింది. ఎవరైనా “ఎలా ఉన్నారు సార్?” అంటే “ఇసుక లేదు” అనేవాడు. అడిగినవాళ్లు ఇల్లు కట్టుకుంటున్నాడేమో అనుకునేవాళ్లు.

అంతవరకూ ఫ్యాక్టరీ గడప దాటని షేడ్ కార్డు ఊరిమీద పడింది. కాలనీలో ఒక గృహప్రవేశానికి వెళితే, విస్తట్లో గారె పడీపడగానే సారు దాన్ని తుంచి, కార్డు పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగాడు. పంక్తిలో అందరి చేతులూ ఆగిపోయాయి.

“అన్నయ్యగారూ, మా గోడల రంగు నచ్చలేదా?” అని అడిగింది ఆ ఇంటావిడ.

“గోడ బానే ఉందమ్మా. గారే కొంచెం...” అన్నాడు సారు, చాలా మర్యాదగా.

ఆయన భార్య ఆ పూట నుంచి ఆయనతో భోజనాలకు రావడం మానేసింది. ఇంట్లో దోశ అంచులు కత్తిరించేవాడట. అప్పడం నిప్పుల మీద పెడితే పక్కనే నిలబడి “చాలు, చాలు, చాలు” అనేవాడట. శనివారం ప్యాకెట్ రావడం ఆగిపోయింది. లలిత అడిగితే “మిషను పాడైందమ్మా” అన్నాడు. మిషను ఎన్నాళ్లని పాడై ఉంటుంది? పిల్లకు చెప్పేద్దామంటే ఏమని చెప్పాలి?

“విషమని చెప్పలేనయ్యా. కాదనీ చెప్పలేను. తెలీదు అని చెబితే ఆ పిల్ల దాన్ని ఏం చేసుకుంటుంది?” అనేవాడు.

ఫ్యాక్టరీలో మాత్రం తలముక్కలను ఎవరూ తీసుకెళ్లకుండా రోజూ తానే నీళ్ల తొట్టిలో వేయించడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు భగ్గుమన్నారు. “ఇన్నేండ్లు లేంది గిప్పుడేం మాయరోగమొచ్చె?” అని ఆయనకు వినపడేలాగే అనుకున్నారు. కారణం ఎవరికీ చెప్పలేదాయన. చెబితే సేఠ్‌కు తెలుస్తుందని కొంత, తనకే సరిగ్గా తెలియదని మరికొంత.

ఆ మరుసటి శ్రమల దినాల్లో ఒక ఆదివారం నేను ఆయన ఇంటికి వెళ్లాను. మాటల్లో, ఇవాళ మరియమ్మావాళ్ల చర్చిలో ప్రేమవిందు ఉందనీ, ఆరాధన అయ్యాక అందరూ కలిసి తింటారనీ, పోయినేడు దాచిపెట్టిన బస్తాడు తలముక్కలు మరియమ్మ విందుకు ఇచ్చేసిందనీ చెప్పాను. సారు లేచి నిలబడ్డాడు. లోపలినుంచి ఆయన భార్య అంది: “లలిత కూడా అక్కడికే వెళ్లిందండీ. మరియమ్మ కూతురు దీని క్లాసే కదా, రమ్మందట.”

ఆయన స్కూటరు మీద వెనక కూర్చుని, జన్మలో చూడాల్సిన ప్రమాదాలన్నీ ఆ ఒక్కరోజే చూశాను. ఆయన హారన్ మీద నుంచి వేలు తీయలేదు.

చర్చి ముందు షామియానా కింద పిల్లలంతా బారులు తీరి కూర్చున్నారు. అన్నం మీద ఎర్రటి కూర, కూరలో నల్లగా నిగనిగలాడే ముక్కలు. మసాలా వాసన రోడ్డు మీదికి కొడుతోంది. అబద్ధమెందుకు, నాకు నోరూరింది. లలిత వరుస మధ్యలో ఉంది. ముక్క ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని పక్కపిల్లతో ఏదో చెప్పి నవ్వుతోంది.

ఇప్పుడీయన అరుస్తాడనుకున్నాను. ప్రార్థన చేసి వడ్డించిన అన్నం ముందు, అంతమంది మధ్య, ఆ మాట అంటే ఏమవుతుందోనని ఆయన చొక్కా పట్టుకోబోయాను. ఆయన అరవలేదు. చెప్పులు విడిచి, కూతురి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆ పిల్ల చేతిలో ముక్క తీసుకుని తన నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఆమె పళ్లెంలోని నల్ల ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాడు.

“నాన్నా! ఏంటిది, అందరూ చూస్తున్నారు,” అంది లలిత ఎర్రబడిపోయి.

“ఆకలేస్తోందమ్మా.”

అక్కడితో ఆగితే ఆయన సారెందుకవుతాడు! అటుపక్క మరియమ్మ కూతురి పళ్లెంలోకి చేయి పెట్టాడు. ఆ పక్కనున్న పిల్లవాడి పళ్లెంలోకి వంగాడు. మోకాళ్ల మీద జరుగుతూ వరుసలో ముందుకు పోతున్నాడు, అందిన నల్లముక్కనల్లా తీసి నోట్లో వేసుకుంటున్నాడు. పిల్లలు పళ్లేలు ఎత్తి గుండెకు అదుముకున్నారు.

“సారు మా ముక్కలు గుంజుకుంటుండు!”

“మరియమ్మత్తా, గీ సారును జూడు!”

మరియమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. “ఏంది సారూ, పోరగాండ్ల పల్లెంల చెయ్యి వెడ్తుండ్రు! కావాల్నంటె నన్నడగొద్దా? ఇంటికాడ అమ్మ అన్నం పెడ్తలేదా ఏంది?”

షామియానా అంతా నవ్వు. సారు నోటినిండా ముక్కలు. అలాగే అన్నాడు: “చాలా బాగుందమ్మా. అందుకని.”

మరియమ్మ మొహం విప్పారింది. షెడ్డులో నీళ్ల తొట్టి మీద ఉన్న కోపమంతా పోయినట్టుంది. “గట్ల జెప్పుండ్రి! తొట్టిల పారబోసేటోడే ఇయ్యాల బుక్కుతుండు సూడుండ్రే!” అని వెళ్లి, గుండిగ అడుగునుంచి బాగా నల్లనివి ఏరి గరిటెడు తెచ్చి ఆయన ముందు కుమ్మరించింది. ఆయన ఒక్కటి కూడా వదలకుండా తిన్నాడు. కార్డు తీయలేదు. తీయాల్సిన అవసరం లేని రంగు అది.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నాతో అన్నాడు: “నాకైతే ఏం పర్లేదయ్యా. పెద్దవాణ్ణి.” నలభై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు ఆయనకు.

సోమవారం పొద్దున ఆయన మిషను వేడి తగ్గించేశాడు. బెల్లం నీళ్ల డబ్బా తీయించేశాడు. వేపుడు రకం పాలిపోయింది. సేఠ్ గోల పెట్టాడు. “రంగు పోతే గిరాకీ పోతుంది సాబ్!” అన్నాడు. “పోనీండి,” అన్నాడు సారు.

మరియమ్మ తెలివైంది. నీళ్ల తొట్టి, పిల్లల పళ్లేలు, తగ్గిన వేడి, మూడూ కలుపుకుంది. అన్నం వేళ ఒంటరిగా వచ్చి ఆయన ముందు నిలబడింది. ఈసారి గొంతులో కొట్లాట లేదు.

“సారూ, నిజం జెప్పుండ్రి. గవి మంచియి గావా?”

“మంచివి కావని తెలీదమ్మా.”

“మంచియేనా మల్ల?”

“అదీ తెలీదు.”

“నా పిల్లకు పాలు మాన్పిచ్చినప్పటిసంది పెట్టిన సారూ. మా వాడకట్టు పోరగాండ్లందరికి పంచిన. గిట్ల తెల్వది తెల్వదంటె, ఇగ నేనేం జెయ్యాలె?”

సారు కార్డును అటూ ఇటూ తిప్పాడు. “మా పిల్లకూ నేనే పెట్టానమ్మా,” అన్నాడు. తర్వాత, “ఇకమీద లేతవి పెట్టు,” అన్నాడు. ఆవిడ ఇంకేదో వస్తుందని చూసింది. ప్యాకింగ్ బల్ల అంచున కూర్చుండిపోయింది. ఆయన పక్కన కూర్చున్నాడు. ఒక తల్లి, ఒక తండ్రి, మధ్యలో లేత బిస్కట్ రంగు ముక్కల గుట్ట. నాలాంటి వాగుడుకాయకు కూడా అక్కడ చెప్పడానికి ఒక్క కథా దొరకలేదు.

గిరాకీ నిజంగానే పోయింది. కొంతకాలానికి సేఠ్ షెడ్డు అమ్మేసుకున్నాడు. ఇప్పుడక్కడ ప్లాట్లు. సారు బౌరంపేట్ వైపు ఒక మందుల కంపెనీలో చేరాడు. వేపుడు రకం ప్యాకెట్ ఒకటి దాచుకున్నాడు. ఎక్కడ కొత్త ల్యాబు పెట్టారని తెలిసినా అందులో పిడికెడు పంపేవాడు. చివరికి ఒకచోటి నుంచి జవాబొచ్చింది. మీరనుకున్నది ఇందులో ఉంది గానీ భయపడేంత లేదు, మీ పిల్ల తిన్నదానికి కంగారు పడనక్కర్లేదు అని. సారు నన్ను వెతుక్కుంటూ మేడ్చల్ వచ్చాడు. మెడ తిన్నగా ఉంది. పాత బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్లాడు. బండివాడు తీసిన వాయిలో బాగా ఎర్రగా వేగినది చూపించి “అదివ్వు” అన్నాడు. కార్డు తీయలేదు. కిటికీ వెతకలేదు. కొరికి, కళ్లు మూసుకుని, “అబ్బ!” అన్నాడు.

రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. విజయవాడ బస్సులో, నిద్రలోనే. డాక్టర్లు గుండె అన్నారు కాబట్టి గుండే. ఇంకేదో అనుకునే హక్కు నాకు లేదు.

షేడ్ కార్డు చూసిన మర్నాడు లలితను చూడాలనిపించి వెళ్లాను. బౌరంపేట్‌లో కొత్తగా పెట్టిన స్కూల్లో టీచరుగా చేరింది. చక్కగా ఉంది, నవ్వుతోంది. మరియమ్మ కూతురు కూడా బాగుందట, మొన్ననే పెళ్లయిందట. సారుంటే ఈ మాటకు కూడా మెడ పక్కకు తిప్పేవాడు. “ఇప్పటికి బాగుండటం వేరయ్యా,” అనేవాడు.

“తిని వెళ్లండి అంకుల్,” అని పళ్లెం పెట్టింది. వంకాయ వేపుడు. తనూ నా ఎదురుగా కూర్చుంది. నాన్న గురించి, స్కూల్లో పిల్లల అల్లరి గురించి చెబుతూ చెబుతూ, మాట ఆపకుండానే, నా పళ్లెంలోంచి అంచు మాడిన ముక్కొకటి తీసి తన పళ్లెంలో వేసుకుంది.

“అదేందమ్మా?” అన్నాను.

“ఏది అంకుల్?” అంది. నిజంగానే తెలియలేదు ఆ పిల్లకు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ప్రమాణం కొంచెం తొందరపడి చేశాను. బజ్జీ చుట్టిన పేపరు నిజం. గారె పక్కన కార్డు నిజం. మోకాళ్ల మీద జరుగుతూ పిల్లల ముక్కలు తినడం మీరు నమ్మి ఉండరు, కానీ సూరారంలో ఇప్పటికీ ఆ వరుసలో కూర్చున్నవాళ్లున్నారు, అడగండి. నేను కల్పించింది ఆ జవాబు. ఏ ల్యాబూ ఆయనకేమీ రాయలేదు. బస్సులోంచి దింపినప్పుడు జేబులో కార్డు అలాగే ఉందట, నూనె మరకలతో. పులిచేత సోయా తినిపించిన నోటికి ఆయన కోసం ఇంకొక్క అబద్ధం బరువేం కాదనిపించింది. అందుకే, కనీసం ఈ కాగితం మీదైనా, సారుకు ఒక బజ్జీ పెట్టాను. రంగు చూసుకోకుండా తిన్నాడు.